తీశావా అంటే తీశానంది

అత్తగారు బతికుంటే ఆ కోడళ్లిద్దరూ ఒక జట్టయి, కలిసి ఆవిడ మీద పడేవాళ్లేమో. ఆవిడ లేదు కాబట్టి ఒకరి మీద ఒకరు పడ్డారు.

గొడవ చూస్తే నవ్వొస్తుంది. బట్టలుతికే మిషన్ దగ్గర మొదలైంది. పెద్దకోడలు ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. ఎవరిదో ఎర్ర అస్తరు గుడ్డ మిషన్లో వేసి, తీయడం మర్చిపోయింది. చిన్నకోడలు లోపలికి తొంగి చూడకుండా అందులోనే తన తెల్లకోటు పడేసి మీట నొక్కింది. ఆమె కళ్లద్దాల కొట్లో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. ఆ పనికి తెల్లకోటు లేనిదే లోపలికి రానివ్వరు. కోటు బయటికొచ్చేసరికి పెళ్లికూతురి చీరలా గులాబీరంగులో మెరిసిపోతోంది.

"ఉతికిన గుడ్డలు తీయడానికి కూడా ఒళ్లు వంగదా అక్కా" అంది చిన్నకోడలు.

"ఊరందరికీ కళ్లద్దాలు చేసిపెడతావు, నీ కళ్లకేమైందే" అంది పెద్దకోడలు.

అక్కడితో ఆగితే ఏ బాధా లేకపోయేది. మాట మీద మాట పెరిగింది. ఎవరి పుట్టింటివాళ్లు ఎలాంటివాళ్లో, ఎవరు ఎవరి సామాను వాడుకున్నారో, పాత సంగతులన్నీ అటక మీంచి దిగొచ్చాయి. చివరికి చిన్నకోడలు, "నీ పీడ నాకెప్పుడు విరగడవుతుందో" అనేసింది. అన్నాక తలెత్తి చూస్తే మెట్ల మీద బావగారు నిలబడి ఉన్నాడు. మెల్లగా పైకి వెళ్లిపోయాడు. ఆమెకు ప్రాణం చచ్చినట్టయింది గానీ, నోరు జారిన మాటను వెనక్కి తీసుకునే మర్యాద ఆ పూటకి ఆమె దగ్గర లేదు.

ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటలు పొదుపైపోయాయి. "తిన్నావా" అంటే "తిన్నాను". "వచ్చాడా" అంటే "రాలేదు". ఎవరు తిన్నారు, ఏం తిన్నారు, ఎవరు రావాలి, అవన్నీ వినేవాళ్లు ఊహించుకోవాల్సిందే. కర్తా లేదు, కర్మా లేదు. ఒక్క క్రియ మిగిలింది, దాన్ని పట్టుకుని సంసారం నడిపేస్తున్నారు.

అన్నదమ్ములిద్దరూ లిఫ్టులు బిగించే పని మీద వేరే ఊరు వెళ్లారు. వెళ్లేముందు తమ్ముడు, అంటే చిన్నకోడలి మొగుడు, కారుకి ఒక రిమోట్ బిగించాడు. పాత కారు అది. చలికాలం పొద్దున్నే కాసేపు ఇంజన్ తిరిగి వేడెక్కితే తప్ప అద్దాల మీద మంచు కరగదు, లోపల కూర్చుంటే పళ్లు టకటకలాడతాయి.

"ఇక నువ్వు గ్యారేజీలోకి పోయి వణకక్కర్లేదు. గదిలోంచే ఇది నొక్కు, ఇంజన్ ఆనవుతుంది" అన్నాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని, "షట్టర్ పైకి లేచి ఉంటేనే నొక్కాలి. మూసి ఉండగా నొక్కావనుకో, పొగ ఇల్లంతా పడుతుంది. అందులో ఉండే విషవాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రపోయేవాళ్లు నిద్రలోనే పోతారు. వదినకి కూడా చెప్పు" అన్నాడు.

"ఊఁ" అంది. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, దానికో చిన్న సరదా ఉంది. ఏదో ఒక పొద్దున కారు దానంతటది గుర్రుమంటుంటే అక్క నోరు తెరుచుకుని చూడాలి, అప్పుడు తను ఏమీ ఎరగనట్టు పక్కనుంచి నడిచి వెళ్లిపోవాలి. అంతే. అంతకు మించి ఆ పిచ్చి బుర్రలో ఏమీ లేదు.

ఇంటి అమరిక చెప్పుకోవాలి. కింద వంటగది, చిన్నకోడలి గది, వంటగదిని ఆనుకుని గ్యారేజీ. గ్యారేజీకి వంటగదిలోంచి ఒక తలుపు. షట్టర్ వెనక సందులోకి తెరుచుకుంటుంది, దాని తాళం బయటివైపే. పైన పెద్దకోడలి పడగ్గది, గ్యారేజీకి సరిగ్గా మీద కుట్టుగది. ఇంట్లో ముందు లేచేది పెద్దకోడలు. లేవగానే పెరటి తలుపు తీసుకుని, చుట్టూ తిరిగి వెళ్లి, తాళం తీసి, షట్టర్ ఎత్తి వస్తుంది. తర్వాత చిన్నకోడలు వంటగదిలోంచి గ్యారేజీలోకి వెళ్లి ఇంజన్ ఆన్ చేస్తుంది. గొడవయ్యాక కూడా ఆ ఒక్క పని ఆగలేదు. కూర మూత పెట్టలేదని అలిగే మనిషి, షట్టర్ మాత్రం ఎత్తి పెట్టేది.

ఆ రాత్రంతా మంచు పడింది. పొద్దున చిన్నకోడలు లేచేసరికి పైన కుట్టుమిషన్ చప్పుడు లేదు. పెద్దకోడలి పాపకు జలుబు చేసి రాత్రంతా గునుస్తూనే ఉంది. పాపకు మూడేళ్లు. పేరు ఏదో ఉంది గానీ ఇంట్లో అందరూ పిడుగు అంటారు, ఆ పిల్ల కూడా తన పేరు అదే అనుకుంటుంది. తమ పడగ్గది చల్లగా ఉంటుందని, పెద్దకోడలు పాపను కుట్టుగదిలో పడుకోబెట్టుకుంది. అక్కడ హీటర్ ఉంది, కిటికీ సందులకు టేపు అంటించి ఉంది.

చిన్నకోడలు మెట్ల కింద నిలబడి, పైకి చూడకుండా అడిగింది. "తీశావా?"

కాసేపటికి పైన మూసిన తలుపు వెనక నుంచి గొంతు వచ్చింది. "తీశాను."

సరే అనుకుని గదిలోకి వెళ్లి, మంచం మీద కూర్చుని రిమోట్ నొక్కింది. గోడ అవతల కారు ఒకసారి దగ్గి అందుకుంది. ఆమెకు ముచ్చటేసింది. గది తలుపు మూసుకుని స్నానానికి వెళ్లింది. వేడినీళ్లు కదా, చలికాలం పొద్దున ఆ నీళ్ల కింద నుంచి కదలబుద్ధి కాదు. కదల్లేదు. బయటికొచ్చి జుట్టు ఆరబెట్టుకుంది. మిగిలిన ఒక్క తెల్లకోటూ ఇస్త్రీ చేసుకుంది. కణతల దగ్గర కొంచెం బరువుగా అనిపించింది. తలస్నానం పడలేదేమో అనుకుంది.

వంటగదిలోకి వచ్చి డబ్బా సర్దుకుంటుంటే ఏదో వెలితిగా తోచింది. ఏమిటో వెంటనే తెలియలేదు. కాసేపటికి తెలిసింది. పైన అడుగుల చప్పుడు లేదు. పిడుగు లేచిందంటే నేలకు నెమ్మది ఉండదు. మడమలతో దబదబ తొక్కుతూ తిరుగుతుంది, పిన్ని డబ్బా చప్పుడు వినగానే మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టూ జారుకుంటూ దిగి వచ్చి ఏదో ఒకటి అడిగి పుచ్చుకుంటుంది. పెద్దవాళ్లు మాట్లాడుకోవడం లేదని పిల్లకేం తెలుసు.

'జలుబు కదా, పడుకుని ఉంటుంది' అనుకుంది. పైకి వెళ్లి చూడాలనిపించింది. వెళ్తే ఏమంటుంది? "ఏం, చూడ్డానికొచ్చావా" అంటుంది. ఎందుకొచ్చిన తంటా. వాళ్లే దిగుతారు. డబ్బా మూత బిగిస్తూ అలా అనుకుని నిలబడిపోయింది. ఆ నిలబడిపోవడాన్ని తర్వాత ఆమె జన్మలో క్షమించుకోలేదు.

డబ్బా సంచిలో పెడుతూ కిటికీలోంచి పెరట్లోకి చూసింది.

పెరట్లో మంచు పరిచిన దుప్పటిలా ఉంది. పెరటి మెట్టు దగ్గర నుంచి గ్యారేజీ మూల దాకా ఎక్కడా చిన్న గీత కూడా లేదు. పిల్లి నడిచిన జాడ కూడా లేదు.

ఆమెకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. మంచు మీద అడుగుల్లేవు. అంటే ఎవరూ అటు వెళ్లలేదు. వెళ్లకపోతే షట్టర్ ఎవరు ఎత్తారు? గోడ అవతల ఇంజన్ మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంది.

చేతిలోని సంచి జారి నేల మీద పడింది. గ్యారేజీ తలుపు రెక్క పట్టుకుని లాగింది. లోపలంతా చీకటి. సందులోంచి రావాల్సిన వెలుతురు లేదు. ఆ చీకట్లోంచి పొగ మొహానికి కొట్టింది. కళ్లు మండాయి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. తలుపు మూసేసి, రిమోట్ కోసం కోటు జేబులన్నీ తడిమింది. ఒక జేబులో లేదు. రెండో జేబులో లేదు. పొయ్యి గట్టు మీద ఉంది. నొక్కింది. ఇంజన్ ఆగింది.

ఆగాక ఇల్లు ఎంత నిశ్శబ్దమైందో చెప్పడానికి లేదు. ఆ నిశ్శబ్దంలో పైన ఊపిరి పీల్చే ప్రాణులు రెండు ఉన్నాయా లేవా అన్నది ఒక్కటే ఆమెకు కావాలి.

"అక్కా" అని పిలుస్తూ మెట్లెక్కింది. కుట్టుగది తలుపు నెడితే రాలేదు. చలి రాకుండా లోపలివైపు తలుపు కింద తువ్వాలు చుట్టి పెట్టినట్టుంది. భుజం పెట్టి నెట్టింది. ఆ తలుపు వెనక తువ్వాలే అడ్డుందో, తువ్వాలు మీద పడిన మనిషే అడ్డుందో అన్న ఆలోచన రాగానే ఆమె నోట్లోంచి ఏదో వింత చప్పుడు వచ్చింది. మళ్లీ నెట్టింది. తెరుచుకుంది.

తువ్వాలే.

గదిలో ఏ గందరగోళమూ లేదు. హీటర్ ఎర్రగా వెలుగుతోంది. మిషన్ మీద సగం కుట్టిన పైజమా ఉంది. నేల మీద పరుపు, పరుపు మీద తల్లీ బిడ్డా ఒకే రజాయిలో పడుకుని ఉన్నారు. ఇద్దరి బుగ్గలూ ఎర్రగా, ఇప్పుడే ఆడుకుని వచ్చినవాళ్లలా ఉన్నాయి. అంత ఆరోగ్యంగా కనపడుతున్న మనుషుల్ని చూసి అంత భయపడటం ఆమె జీవితంలో అదే మొదలు. మిషన్ పక్కన గోడ వారన, పాత గొట్టం పీకేసిన చోట నేలలో కన్నం ఉంటుంది. అందులో గుడ్డలు కుక్కి ఉంటాయి. గుడ్డలు ఎప్పుడు ఊడాయో, కన్నం నోరు తెరుచుకుని ఉంది. గ్యారేజీ కప్పులోంచి అది నేరుగా ఈ గదిలోకే.

"అక్కా, లే. అక్కా." భుజం పట్టి ఊపింది. తల అటూ ఇటూ ఊగింది, అంతే.

కిటికీ టేపు గోళ్లతో పీకితే రాలేదు. ఇస్త్రీపెట్టె ఎత్తి అద్దం మీద కొట్టింది. చల్లగాలి గదిలోకి దూసుకొచ్చింది. పాపను రజాయితో సహా ఎత్తుకుని మెట్లు దిగింది. పాప మెడ ఆమె మోచేతి మీద నుంచి వెనక్కి వేలాడుతోంది. ఎప్పుడు ఎత్తుకున్నా జుట్టు పట్టుకుని పీకే పిల్ల. పీకమ్మా, పీకవే తల్లీ అని ఆమె పైకే అంటోంది.

వీధి తలుపు ముందు అరుగు మీద పాపను పడుకోబెట్టి, తన కోటు కూడా మీద కప్పింది. ఊపిరి తెలియడం లేదు. ఛాతీ మీద చెయ్యి పెడితే తన చెయ్యే వణుకుతోంది, పాప ఛాతీ కదులుతోందో తన వేళ్లు కదులుతున్నాయో తెలియడం లేదు. అప్పుడు తను పెట్టుకున్న కళ్లద్దాలు తీసి పాప ముక్కు కింద పెట్టింది. ఏళ్ల తరబడి ఆమె అద్దాల మీద పడ్డ ఆవిరిని తుడిచి తుడిచి విసుక్కున్న మనిషి. ఇప్పుడు ఆ అద్దం మీద ఆవిరి పట్టాలని కులదైవాలందరికీ పేరుపేరునా మొక్కుకుంది.

పట్టింది. చాలా పల్చగా, అంచు దగ్గర చిన్న మరక లాగా పట్టింది. పోయింది. మళ్లీ పట్టింది.

అంబులెన్సుకి ఫోన్ చేసింది. అవతల ఒక ఆడగొంతు అడ్రసు అడిగింది, ఏమైందని అడిగింది, చెప్పింది.

"లోపల ఇంకెవరైనా ఉన్నారా?"

"మా అక్క. మా తోడికోడలు."

"మీరు మళ్లీ లోపలికి వెళ్లకండమ్మా. బండి బయల్దేరింది. పాప దగ్గరే ఉండండి."

ఆమె పాప వైపు చూసింది. ఇంటి వైపు చూసింది. పాపను మంచులో ఒంటరిగా వదిలి వెళ్తే, ఈలోగా ఆ పల్చటి ఆవిరి ఆగిపోతే? వెళ్లకుండా ఇక్కడే కూర్చుంటే, పైన ఆవిడ? బావగారికి ఏం చెప్పాలి? నీ పీడ ఎప్పుడు విరగడవుతుందో అన్నాను, విరగడైంది అని చెప్పాలా? ఫోన్ అరుగు మీద పెట్టేసి, పాపను ఒక పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పి, ఇంట్లోకి పరిగెత్తింది.

పెద్దకోడలు బొద్దు మనిషి. చిన్నకోడలు గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది. మామూలు రోజుల్లో అది ఇంట్లో పెద్ద హాస్యం. ఆ రోజు పరుపు మీది దుప్పటి రెండు మూలలూ పట్టుకుని, వెనక్కి నడుస్తూ, పీల్చిన ఊపిరి వదలకుండా, అక్కను గుమ్మం దాకా లాగింది. మెట్ల దగ్గర లాగడం కుదరలేదు. చంకల కింద చేతులు వేసి, అక్క తల తన గుండెకు ఆనించుకుని, మెట్టు మెట్టుకీ కూర్చుంటూ దిగింది. ఆవిడ మడమలు ప్రతి మెట్టుకీ తగిలాయి. "సారీ అక్కా, సారీ" అని ప్రతి మెట్టుకీ అంది. వారం నుంచి ఒక్క క్రియతో సరిపెట్టిన నోరది.

అరుగు మీదికి వచ్చేసరికి పాప వాంతి చేసుకుని, కళ్లు మూసుకునే ఏడుస్తోంది. సన్నగా, పిల్లికూనలా. ఆ ఏడుపు విని చిన్నకోడలు మంచులో కూలబడిపోయింది.

ఆసుపత్రిలో ఇద్దరికీ మాస్కులు పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. డాక్టరమ్మ వచ్చి అన్నీ అడిగింది. ఇంజన్ ఎంతసేపు నడిచింది, గది ఎక్కడ, తలుపులు మూసి ఉన్నాయా. పాప గండం గడిచినట్టేనంది. తల్లి సంగతి ఆమెకు తెలివొచ్చాక చూడాలంది.

"షట్టర్ తెరిచి ఉందో లేదో చూడలేదా?" అని అడిగింది చివర్లో. అరవలేదు. మామూలుగానే అడిగింది.

అప్పటిదాకా చిన్నకోడలి బుర్రలో గిర్రున తిరుగుతున్నదంతా ఆ ప్రశ్నతో ఒకచోట ఆగింది. తను అడిగింది తీశావా అని. ఏం తీశావా అని అడగలేదు. వారం రోజుల గొడవంతా మిషన్లోంచి గుడ్డలు తీయకపోవడం గురించే. అక్క నిద్రమత్తులో, మళ్లీ దెప్పుతోంది అనుకుని ఉంటుంది. గుడ్డలు తీశావా అని అడుగుతోంది అనుకుని తీశాను అంది. తను షట్టర్ తీసింది అనుకుంది. పాడు మాట. తలుపుకీ అదే, బట్టలకీ అదే.

"మాట తేడా వచ్చిందండీ" అంది డాక్టరమ్మతో, కన్నీళ్లు తుడుచుకుంటూ. అంతా చెప్పింది. చెప్తుంటే గుండె మీంచి కొంత బరువు దిగినట్టనిపించింది. తప్పు తనది కాదు, అక్కది కాదు, ఆ మాటది. డాక్టరమ్మ తల ఊపి, "ఇలాంటివి జరుగుతాయి" అని వెళ్లిపోయింది. మొగుడికి ఫోన్ చేసి కూడా అదే చెప్పింది. "వస్తున్నాం, అన్నయ్య పక్కనే ఉన్నాడు" అన్నాడతను. వెనక నుంచి బావగారి గొంతేమీ వినపడలేదు. ఆయన మాట్లాడకపోతేనే ఆమెకు ఎక్కువ భయం.

మధ్యాహ్నానికి పెద్దకోడలు కళ్లు తెరిచింది. ముందు అటూ ఇటూ చూసింది. పక్క మంచం మీద మాస్కు పెట్టుకుని నిద్రపోతున్న పాప కనపడింది. చాలాసేపు పాప ఛాతీ లేచి పడటం చూస్తూ ఉండిపోయింది.

"బానే ఉంది. ఇందాక లేచి నీళ్లడిగింది" అంది చిన్నకోడలు. ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అక్కా, నేను అడిగింది షట్టర్ గురించి. నువ్వు బట్టలనుకున్నావు కదూ. నా ఖర్మ, ఆ ఒక్క ముక్క కలిపి అడిగుంటే పోయేది. డాక్టరమ్మకి అదే చెప్పాను."

పెద్దకోడలి కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. మాస్కు పక్కకి జరిపింది.

"బట్టలనుకోలేదు" అంది.

"ఏమిటి?"

"షట్టరే అడుగుతున్నావని తెలుసు. రాత్రంతా పిల్లతో జాగారం. లేవబుద్ధి కాలేదు. ఏ నాటికైనా నా పీడ విరగడ కావాలన్న దానికి నేనెందుకు మంచులో నడిచి ఎత్తిపెట్టాలి అనిపించింది. గ్యారేజీలోకి వెళ్లి మూసి ఉండటం చూసి, పనికి వేసుకునే తెల్లబూట్లతో పెరటి చుట్టూ తిరిగి, నువ్వే ఎత్తుకుంటావులే, అప్పుడు తెలిసొస్తుందిలే అని, తీశాను అన్నాను." ఆయాసంతో ఆగింది. "కాసేపటికి ఇంజన్ వినపడింది. ఓహో, వెళ్లి ఎత్తుకుందన్నమాట అనుకుని నవ్వుకున్నాను. నవ్వుకుంటూ నిద్రపోయాను. పిల్ల నా చంకలోనే ఉంది."

చిన్నకోడలికి అప్పుడు తట్టింది. రిమోట్ సంగతి అక్కకు తెలియదు. తెలిస్తే ఈ పని చేసేది కాదు. చెప్పమని మొగుడు మరీ మరీ చెప్పాడు, తను ఊఁ అంది. ఒకరు చెప్పలేదు, ఒకరు అబద్ధం చెప్పారు. రెంటికీ మధ్య, పిల్ల పడుకుని ఉంది.

"రిమోట్ ఒకటుంది. గదిలోంచే ఆనవుతుంది. నీకు నేను చెప్పలేదు" అంది, గొంతు తనకే వినపడనంత మెల్లగా.

జారిపోయిన దుప్పటి పాప మీదికి లాగింది.

"ఆయనకి మాత్రం ఇది చెప్పకు" అంది పెద్దకోడలు. ఆమె వేళ్లు చిన్నకోడలి మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి. "పిల్లంటే ఆయనకి ప్రాణం. నేను కావాలని అబద్ధం చెప్పానని తెలిస్తే నా మొహం చూడడు. నీ కాళ్లు పట్టుకుంటాను. బట్టల మాటే చెప్పు. డాక్టరమ్మకి చెప్పినట్టే చెప్పు."

"చెప్తాను. నువ్వు మాస్కు పెట్టుకో ముందు" అంది చిన్నకోడలు. తనే సరిచేసి పెట్టింది.

అన్నదమ్ములు వచ్చేసరికి సాయంత్రమైంది. ఒంటి మీద పని బట్టలతోనే వచ్చారు. బావగారు ఎవరి వైపూ చూడకుండా నేరుగా పాప మంచం దగ్గరికి వెళ్లాడు. గ్రీజు అంటిన వేళ్లు పిల్లకు తగలకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చూశాడు. పాప నిద్రలో మూలిగింది. ఆయన భుజాలు ఒకసారి కదిలాయి. తర్వాత భార్య నుదుటి మీద మోచేతితో తాకాడు. తర్వాత చిన్నకోడలి వైపు తిరిగాడు.

"మూసిన షట్టర్ వెనక ఇంజన్ ఎవరు ఆన్ చేశారు?"

"నేనే బావగారూ. నేను తీశావా అని అడిగితే, అక్క బట్టల గురించి అనుకుని..."

"చూడలేదా?"

"చూడలేదండీ."

"వాడు నీకు ఒకటికి పదిసార్లు చెప్పాడా లేదా? దారి పొడుగునా నాతో అదే చెప్పుకొచ్చాడు." ఆయన గొంతు పెద్దది కాలేదు. "నువ్వేమన్నావో నేను మర్చిపోలేదమ్మా. మెట్ల మీద నిలబడి నా చెవులతో విన్నాను. పీడ విరగడ కావాలన్నావు. అన్నట్టే చేశావు కదమ్మా. నా భార్యనీ, నా బిడ్డనీ ఒక్క మీట నొక్కి..."

"అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. ఆయన వినలేదు.

చిన్నకోడలు కళ్లు నేలకు దించుకుంది. చెప్పడానికి ఒక్క మాట ఉంది. అది చెప్పనని మాటిచ్చింది. తప్పించుకునే దారి కూడా లేదు, ఎందుకంటే పీడ విరగడ కావాలని తను అన్న మాట నిజం. ఆయన అన్నది సగం అబద్ధమైనా సగం నిజం. ఇక ఈ ఇంట్లో జీవితాంతం తనని అలాగే చూస్తారు. ఆ పిల్ల పెద్దయ్యాక దానికీ అలాగే చెప్తారు. పిన్ని నిన్ను చంపబోయిందే అని చెప్తారు. అదంతా ఆమెకు కళ్ల ముందు కనపడింది.

మంచం మీద మాస్కు పట్టీ చప్పుడైంది.

"దాన్ని ఏమీ అనకండి" అంది పెద్దకోడలు. మోచేతి మీద లేవబోయి, లేవలేక, పక్క కమ్మీ పట్టుకుంది. "బట్టలూ లేవు, ఏమీ లేవు. షట్టర్ తీశావా అనే అది అడిగింది. తీశానని అబద్ధం చెప్పింది నేను. కావాలనే చెప్పాను."

బావగారు మెల్లగా, చాలా మెల్లగా, భార్య వైపు తిరిగాడు. ఆయన మొహంలో రంగు మారడం చిన్నకోడలు చూసింది. పొద్దున్నుంచి ఆమె పిల్ల కోసం భయపడింది, అక్క ప్రాణం కోసం భయపడింది, తన కోసం కూడా భయపడింది. ఇప్పుడు ఆయన మొహం చూశాక అవన్నీ చిన్నవైపోయాయి. వెళ్లి, ఆయనకీ అక్క మంచానికీ మధ్యలో నిలబడింది.